తుఫానుకు పేరు పెట్టిన నావికుడు

ఈసారి గోడపత్రికలో జీవితచరిత్ర రాసే వంతు నాది. ఇంతకుముందు ఈ చోట మన సీనియర్ అక్కలు కందుకూరి గురించి, గురజాడ గురించి రాశారు. నేను మాత్రం ఒక ఇంగ్లీషు ఓడ కెప్టెన్ గురించి రాస్తానంటే మేడమ్ కాసేపు నా మొహం చూశారు. తెలుగు డిపార్టుమెంటు గోడ మీద ఇంగ్లీషు కెప్టెన్‌కి ఏం పని అని అడిగారు. దానికి జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

ఆయన పేరు హెన్రీ పిడింగ్టన్. సైక్లోన్ అనే మాటను పుట్టించింది ఆయనే. ప్రపంచమంతా వాడే ఆ మాట కలకత్తాలో కూర్చుని, మన బంగాళాఖాతం తుఫాన్లను ఏళ్ళ తరబడి లెక్కగట్టిన మనిషి పెట్టినదని నాకు ఈ మధ్యనే తెలిసింది.

మా ఇంట్లో రెండు భాషలు. నాన్నది ఒడియా, అమ్మది తెలుగు. తుఫాను వస్తుందంటే నాన్న, జెజిమా బాత్యా అంటారు. అమ్మమ్మ గాలివాన అంటుంది, నీళ్ళు మీదికొస్తే ఉప్పెన అంటుంది. టీవీవాడు సైక్లోన్ అంటాడు. అమ్మమ్మది గోపాల్‌పూర్ దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. ఒడియావాళ్ళు నోలియాలు అని పిలిచే మన తెలుగు వేటగాళ్ళ పల్లె అన్నమాట. అమ్మమ్మ వాళ్ళ నాన్న ఒకరోజు తెప్ప మీద వేటకెళ్ళి గాలివానలో చిక్కుకుని తిరిగి రాలేదు. అది ఏ సంవత్సరమో అమ్మమ్మకు తెలీదు. తను అప్పుడప్పుడే తల్లి వెనకాల చేపల గంప మోయడం మొదలుపెట్టిన ఏడు అని మాత్రం చెబుతుంది. ఆయన పేరు ఏ కాగితం మీదా లేదు. పిడింగ్టన్ గురించి చదువుతున్నంతసేపూ నాకు ఆ ముత్తాతే గుర్తుకొచ్చాడు. ఎందుకో చివర్లో చెబుతాను.

పిడింగ్టన్ 1797లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతంలో, అక్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పుట్టాడు. చిన్నతనంలోనే సముద్రం మీదికి వెళ్ళి, వ్యాపార ఓడల్లో పనిచేసి, ఇండియా, చైనా సముద్రాల్లో తిరిగి కెప్టెన్ అయ్యాడు. తర్వాత ఓడ పని మానేసి, 1830 ప్రాంతంలో కలకత్తాలో స్థిరపడ్డాడు. గొప్ప కాలేజీల్లో చదివిన శాస్త్రవేత్త కాదు. కానీ ఏదీ వదిలిపెట్టే మనిషి కాదు. నేలల మీద, ఖనిజాల మీద, మొక్కల మీద రాశాడు. మన దేశపు మొక్కలకు ఒక సూచిక తయారుచేసి 1832లో అచ్చు వేయించాడు. ఏషియాటిక్ సొసైటీలో పనిచేశాడు, ప్రభుత్వం వారి భూగర్భ సంపద మ్యూజియానికి క్యూరేటర్‌గా ఉన్నాడు. ఓడ ప్రమాదాల మీద విచారణ జరిపే కోర్టులకు అధ్యక్షుడిగా కూడా చేశాడు. అంటే ఓడ ఎలా నడవాలో తెలిసినవాడు, ఓడ ఎందుకు మునిగిందో అడిగే కుర్చీలో కూర్చున్నాడు. ఆయన జీవితానికి ఇదే కీలకం అని నాకనిపిస్తుంది.

ఆ రోజుల్లో తుఫాను అంటే చాలామందికి ఒక పెద్ద గాలి, అంతే. అది ఒక వైపు నుంచి తిన్నగా వీస్తుందని అనుకునేవారు. అమెరికాలో విలియం రెడ్‌ఫీల్డ్ అనే ఆయన, తుఫాను దాటిన చోట్ల చెట్లు రకరకాల దిక్కుల్లో పడి ఉండడం చూసి, గాలి గుండ్రంగా తిరుగుతుందని చెప్పాడు. విలియం రీడ్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఓడల రికార్డులు పోగుచేసి, అదే విషయం మీద 1838లో పుస్తకం రాశాడు. ఆ పుస్తకం చదివాక పిడింగ్టన్‌కి దారి దొరికింది. వాళ్ళు వెస్టిండీస్ వైపు చేసిన పనిని తాను బంగాళాఖాతంలో చేయాలనుకున్నాడు.

ఎలా చేశాడన్నది నాకు చాలా నచ్చింది. ఆయన దగ్గర ఉపగ్రహం లేదు, రాడార్ లేదు. తుఫాను దగ్గరికి తాను వెళ్ళనూ లేడు. ప్రతి ఓడలోనూ ఒక లాగ్‌బుక్కు ఉంటుంది. ఫలానా గంటకు ఓడ ఎక్కడుంది, గాలి ఏ దిక్కు నుంచి వీస్తోంది, బారోమీటరు ఎంత చూపిస్తోంది, తెరచాపలు ఎప్పుడు దించారు, అన్నీ అందులో రాస్తారు. తుఫాను దాటి బతికి రేవు చేరిన ఓడల నుంచి ఆయన ఆ లాగ్‌బుక్కులు అడిగి తెప్పించుకునేవాడు. రేవుల్లో ఉన్న అధికారుల నుంచి ఉత్తరాలు తెప్పించుకునేవాడు. తర్వాత పెద్ద సముద్ర పటం పరిచి, ఒకే గంటలో ఏ ఓడ ఎక్కడుందో గుర్తుపెట్టి, ఒక్కొక్క దాని పక్కన గాలి దిక్కు బాణం గీసేవాడు. కొన్ని ఓడల్లో రోజును మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికి లెక్కపెట్టే పాత అలవాటు. అలాంటివన్నీ సరిచూసుకోకపోతే లెక్క మొత్తం తప్పిపోతుంది. బాణాలన్నీ గీశాక చూస్తే అవి ఒక చుట్టులా కనిపించేవి. ఆ చుట్టు మధ్యలో తుఫాను గుండె.

1839 జూన్‌లో బంగాళాఖాతంలో వచ్చిన తుఫానుతో ఆయన మొదటి పరిశోధనా వ్యాసం మొదలైంది. అదే ఏడాది నవంబరులో గోదావరి సముద్రంలో కలిసే చోట, యానాం పక్కనే ఉన్న కోరంగి మీద తుఫాను విరుచుకుపడింది. కోరంగి అప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవు. అంతకు సరిగ్గా యాభై ఏళ్ళ ముందు, 1789 డిసెంబరులో, ఆ ఊరిని ఒకదాని వెనక ఒకటి మూడు పెద్ద అలలు ముంచేశాయి. మళ్ళీ లేచి నిలబడిన ఊరు 1839 ఉప్పెన తర్వాత ఇక పూర్వంలా కోలుకోలేదు. యానాం నుంచి వచ్చి మన హాస్టల్లో ఉంటున్న జూనియర్‌ని అడిగాను, కోరంగి అంటే తనకి మడ అడవి చూడ్డానికి వెళ్ళే చోటు అంతే. ఆ అడవి పక్కన ఒక ఓడల ఊరు ఉండేదని తనకీ తెలీదు. పిడింగ్టన్ తన తొలి వ్యాసాల్లోనే ఈ కోరంగి తుఫానును పరిశీలించాడు. ఇంగ్లీషు కెప్టెన్‌కి మన గోడ మీద ఏం పని అన్న ప్రశ్నకు ఇది నా మొదటి జవాబు.

కోరంగి నుంచే ఆయన ఇంకో ముఖ్యమైన సంగతి గట్టిగా పట్టుకున్నాడు. తుఫానులో మనుషుల్ని చంపేది గాలి కంటే నీళ్ళే. గాలి తోసుకొచ్చే సముద్రం అలగా లేచి ఒడ్డు మీదికి వస్తుంది. బంగాళాఖాతం ఉత్తరానికి పోయేకొద్దీ గరాటులా సన్నబడుతుంది, ఒడ్డు దగ్గర లోతు తక్కువ. అందుకని నీళ్ళకు పక్కకు పోవడానికి చోటు చాలక పైకి లేస్తాయి. మన తెలుగులో దీనికి ఉప్పెన అని విడిగా ఒక మాట ఎప్పటినుంచో ఉంది. గాలికి ఒక పేరు, నీటికి ఒక పేరు. ఆ తేడా తెలిసినవాళ్ళే కదా అలా రెండు పేర్లు పెడతారు.

ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళు, తుఫాను వెనక తుఫానును తీసుకుని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆయన ఇరవైకి పైగా వ్యాసాలు రాశాడు. వాటిలో నాకు మరీ ఆశ్చర్యం వేసినది చార్లెస్ హెడిల్ అనే చిన్న ఓడ కథ. 1845 ఫిబ్రవరిలో మారిషస్ నుంచి బయల్దేరిన ఆ ఓడ తుఫానులో పడింది. గాలి ఎటు తోస్తే అటు పరిగెత్తింది. దూరంగా పారిపోతున్నామని లోపలివాళ్ళు అనుకుని ఉంటారు. లాగ్‌బుక్కు పిడింగ్టన్ చేతికి వచ్చాక పటం మీద గీసి చూస్తే, ఆ ఓడ అయిదు రోజుల్లో తుఫాను చుట్టూ అయిదు ప్రదక్షిణాలు చేసింది! గాలి నిజంగా గుండ్రంగా తిరుగుతుందని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? గాలితో పాటే పరిగెత్తితే తప్పించుకున్నట్టు కాదని కూడా ఆ ఓడే నేర్పింది.

ఇక్కడిదాకా చేసి ఊరుకుంటే ఆయన పేరు పాత పత్రికల్లోనే మిగిలిపోయేది. లాగ్‌బుక్కులు ఇచ్చినవాళ్ళకు తిరిగి ఏదైనా ఇవ్వాలి కదా. 1844లో ఇండియా, చైనా సముద్రాల నావికుల కోసం ఒక చిన్న పుస్తకం వేశాడు. దాన్ని పెంచి, 1848లో అన్ని సముద్రాలకూ పనికొచ్చేలా ఇంకో పుస్తకం తెచ్చాడు. దాని పేరును తెలుగులో చెప్పాలంటే తుఫాన్ల మీద నావికుల బాలశిక్ష అనాలి. అప్పట్లో ఇంగ్లండ్ పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకను హార్న్‌బుక్ అనేవారు, ఎందుకంటే దాని మీద పల్చటి కొమ్ము రేకు కప్పి ఉండేది. పిడింగ్టన్ తన పుస్తకానికి ఆ పేరే పెట్టి, దానితో పాటు కొమ్ముతో చేసిన, అవతలివైపు కనిపించే రెండు బిళ్ళలు ఇచ్చాడు. ఒకటి భూమధ్యరేఖకు ఉత్తరాన, ఇంకోటి దక్షిణాన వాడడానికి. ఉత్తరాన గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది, దక్షిణాన ముల్లుతో పాటు తిరుగుతుంది. బిళ్ళ మీద వృత్తాలు, గాలి దిక్కులు గీసి ఉంటాయి. కెప్టెన్ చేయాల్సిందల్లా తన ఓడ దగ్గర వీస్తున్న గాలి దిక్కు చూసి, బిళ్ళను పటం మీద ఆ దిక్కుకు సరిపోయేలా పెట్టడమే. తుఫాను నడుము ఎక్కడుందో తెలిసిపోతుంది. దాన్నిబట్టి ఎటు పోతే బతుకుతామో తెలుస్తుంది. లెక్కలు రానక్కర్లేదు. ఊగుతున్న ఓడలో, తడిచేతులతో కూడా చేయొచ్చు. ఆ పుస్తకం ఎన్నో కూర్పులు పడింది.

ఆ పుస్తకంలోనే సైక్లోన్ అనే మాట లోకానికి పరిచయమైంది. గ్రీకులో పాము చుట్టకు సంబంధించిన మాట నుంచి దాన్ని తీసుకున్నాడు. వృత్తం అనే అర్థం వచ్చే మాట ఎందుకు పెట్టలేదంటే, గాలి కచ్చితమైన వృత్తంలోనే తిరుగుతుందని తనకింకా రుజువు లేదు కాబట్టి. పాము చుట్ట అంటే గుండ్రంగానూ ఉండొచ్చు, కొంచెం లోపలికి చుట్టుకునీ ఉండొచ్చు. తెలిసినంత మేరకే పేరు పెట్టడం అనే ఈ జాగ్రత్త నాకు బాగా నచ్చింది. పరీక్షల్లో తెలియనిది కూడా నాలుగు పేజీలు రాసే నాలాంటివాళ్ళు నేర్చుకోవాల్సిన సంగతే.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన పని చేసింది కంపెనీ ప్రభుత్వం నీడలో. చైనా మీదికి దండెత్తి వెళ్ళిన ఓడల కోసం కూడా ఆయన తుఫాన్ల నోట్సు రాసిచ్చాడు, ప్రభుత్వం అచ్చు వేయించింది. ఆ యుద్ధం నల్లమందు వ్యాపారం కోసం జరిగిందని మనం హిస్టరీలో చదువుకున్నాం. శాస్త్రం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు పనిచేస్తుంది. ఇది కూడా ఆయన కథలో భాగమే, దాచకూడదు.

కానీ అదే ప్రభుత్వానికి ఇష్టంలేని మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన వెనక్కి తగ్గలేదు. హుగ్లీ నది పూడిపోతోందని భయపడి, సుందరవనాల దగ్గర మాత్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలని కలకత్తాలో పెద్దలు ఆలోచించారు. 1853లో పిడింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగంగా ఒక లేఖ రాసి అచ్చు వేయించాడు. అక్కడ ఊరు కడితే ఏదో ఒక రోజు తుఫాను అల వచ్చి ముంచేస్తుందని అందులో హెచ్చరించాడు. ఎవరూ వినలేదు. 1858లో ఆయన కలకత్తాలోనే చనిపోయాడు. ఆ తర్వాత రేవు కట్టారు, కలకత్తా నుంచి రైలు కూడా వేశారు, లార్డ్ కానింగ్ పేరు పెట్టారు. 1867 నవంబరు 1న తుఫానొచ్చింది. మనిషెత్తు అల లోపలికొచ్చింది. కొన్నేళ్ళకే ఆ రేవును వదిలేశారు. నేను చెప్పానా లేదా అనడానికి ఆయన లేడు.

అంతకు మూడేళ్ళ ముందే ఇంకా ఘోరం జరిగింది. 1864 అక్టోబరు 5న కలకత్తా మీద ఒక తుఫాను, నెల తిరక్కుండా నవంబరు 1న మన బందరు మీద ఇంకో తుఫాను. కలకత్తాలో దాదాపు 60,000 మంది, బందరులో దాదాపు 30,000 మంది పోయారని చెబుతారు. తుఫాను ఎలా తిరుగుతుందో, అల ఎలా లేస్తుందో అప్పటికే పుస్తకంలో ఉంది. ఓడ కెప్టెన్ల దగ్గర కొమ్ము బిళ్ళ ఉంది. ఒడ్డున ఉన్నవాళ్ళ దగ్గర ఏమీ లేదు. తెలిసిన సంగతిని ముందుగా ఊళ్ళకు చెప్పే ఏర్పాటే లేదు. ఆ దెబ్బ తర్వాతే కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో దేశం మొత్తానికి వాతావరణ శాఖ ఏర్పడింది. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు మనందరికీ పేపర్లో చూసి అలవాటే.

ఇప్పుడు మా అమ్మమ్మ దగ్గరికి వస్తాను. 2013 అక్టోబరు 12, దుర్గాష్టమి. నాకప్పుడు ఆరేళ్ళు. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. దానికి ముందు రోజే మా మావయ్య అమ్మమ్మని బరంపురంలో మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆమె రానంది. వలలు, గిన్నెలు, కోళ్ళు వదిలి ఎలా వస్తానంది. చివరికి బేగి రమ్మని మావయ్య ఏడ్చినంత పని చేస్తే కదిలింది. ఆ రాత్రి గాలి చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. తెల్లారాక చూస్తే మా వీధిలో ఒక్క చెట్టు సరిగ్గా లేదు. పల్లెలో అమ్మమ్మ ఇంటికి కప్పు లేదు. కానీ పల్లెలో వాళ్ళవాళ్ళు అందరూ ఉన్నారు. ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. 1999 మహాబాత్యాలో మన రాష్ట్రంలో దాదాపు పదివేల మంది పోయారు. ఫైలిన్‌లో పోయినవాళ్ళు యాభైలోపే. గాలి తక్కువేం కాదు, గంటకు 200 కిలోమీటర్లు దాటింది. తేడా ఎక్కడుందంటే, కబురు ముందే వచ్చింది, వచ్చిన కబురును జనం నమ్మారు, వెళ్ళడానికి ఒక గట్టి గది ఉంది.

ఆ కబురు వెనక ఎంతమంది ఉన్నారో అప్పుడు నాకు తెలీదు. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ వరసలో ఒక చివర, కలకత్తాలో దీపం పెట్టుకుని లాగ్‌బుక్కుల మీద వంగిన ముసలి కెప్టెన్ కనిపిస్తాడు. ఇటు చివర కోళ్ళు వదలనంటున్న మా అమ్మమ్మ. మధ్యలో ఒక్క ముడి తెగినా కబురు చేరదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. అది పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు ఫోనుకు వచ్చిన మెసేజీలు అమ్మమ్మకు చదివి చెప్పింది నేనే. ఆమెకు చదువు రాదు. ఒడియా మాట్లాడుతుంది, సంతలో చేపలు అమ్మింది ఆ భాషలోనే. కానీ మిల్లీబార్లు, నాట్లు, తీవ్ర అల్పపీడనం అంటే ఏం అర్థమవుతుంది? గాలి ఎప్పుడు ఎటు మారుతుంది, నీళ్ళు ఎంతవరకు వస్తాయి, ఎప్పటికి బయల్దేరాలి అని మాత్రమే ఆమె అడిగింది. ఒక మెసేజీలోంచి ఆ మూడింటినీ వెతికి చెప్పడానికి నేను నానా తంటాలు పడ్డాను. పిడింగ్టన్ కొమ్ము బిళ్ళ ఎందుకు చేశాడో నాకు ఆ రోజే సగం అర్థమై ఉండాలి.

మొదట్లో మా ముత్తాత మాట ఎత్తాను కదా. పిడింగ్టన్ పటాల మీద ఉన్నవన్నీ లాగ్‌బుక్కులున్న ఓడలు. తెప్ప మీద వెళ్ళినవాడికి లాగ్‌బుక్కు ఉండదు. కోరంగిలో పోయిన మనవాళ్ళు కూడా ఆ పుస్తకాల్లో ఒక అంకెగానే ఉన్నారు. గాలి మారేముందు సముద్రం రంగు ఎలా ఉంటుందో, అల చప్పుడు ఎలా మారుతుందో వాళ్ళకు తెలిసినది వాళ్ళతోనే పోయింది. వాళ్ళని అడిగి రాసుకున్నవాళ్ళు లేరు. ఇంత మంచి పనిలో నాకు కనిపించిన వెలితి ఇదే.

అందుకని ఈ దసరా సెలవుల్లో నేనొక నోటుబుక్కు మొదలుపెట్టాను. అమ్మమ్మ చూసిన గాలివానలన్నీ ఆమె మాటల్లోనే రాస్తున్నాను. గాలి ఎటునుంచి వచ్చింది, నీళ్ళు ఏ గుడి మెట్టు దాకా వచ్చాయి, ఎవరెవరు తిరిగి రాలేదు. మొదటి పేజీలో ముత్తాత పేరు రాశాను. సంవత్సరం చోటు ఖాళీగానే ఉంచాను, తెలియనిది రాయకూడదు కదా. మీ ఇళ్ళల్లో కూడా తుఫాన్లు చూసిన పెద్దవాళ్ళుంటే అడిగి వచ్చి నాకు చెప్పండి. నోటుబుక్కులో ఇంకా చాలా పేజీలున్నాయి.